గెట్ త్రూ అంటే ఎల్లదీసుడు

మా ఇంగ్లీష్ మేడం పోయారు. పోయిన వారం పొద్దున, సరూర్‌నగర్‌లోని తన ఇంట్లో కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతూ అలాగే వెనక్కి వాలిపోయారట. ఆ కబురు నాకు నర్సింహ చెప్పాడు. ఒకప్పుడు ఇద్దరం ఆవిడ దగ్గర ఒకే గదిలో ఇంగ్లీష్ నేర్చుకున్నవాళ్లం. ఇప్పుడతను ఎల్‌బీ నగర్ కోర్టులో వకీలు. నేనొక ఆస్పత్రిలో రోగుల ఇన్సూరెన్స్ కాగితాలు చూసే కౌంటర్‌లో ఉంటాను.

"అక్కా, మన మేడం ఇగ లేరు," అన్నాడు ఫోన్‌లో.

ఏ మేడం అని అడగాల్సిన పని మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ లేదు. నా ఎదురుగా ఒడిశా నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. భార్య ఆపరేషన్ గదిలో ఉంది, ఆయనకు తెలుగు రాదు. ఫోన్ పక్కన పెట్టి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, ఎక్కడ కూర్చుంటే డాక్టర్ వచ్చి మాట్లాడతాడో ఆయనకు ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకుని వెళ్లాడు. తర్వాత నేను వెనక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఆ పెద్దాయనతో మాట్లాడిన నాలుగు ముక్కలూ మేడం నా నోట్లో పెట్టినవే.

ఆవిడను తలుచుకోవాలంటే తెలంగాణ ఉద్యమం రోజులకు వెళ్లాలి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి బస్సులు నడవవు. పొద్దున బయటికి వెళ్లిన మనిషి సాయంత్రం ఏ దారిలో ఇల్లు చేరతాడో ఎవరికీ తెలియదు. మా అన్న ఎల్‌బీ నగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసేవాడు. రెండు గదుల కిరాయి ఇల్లు. అందులో అన్న, వదిన, వాళ్ల పిల్లలు, నేను. నల్లగొండ దగ్గరి మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికని వచ్చి, డిగ్రీ అయిపోయినా తిరిగి వెళ్లకుండా ఉండిపోయాను. నేను పడుకునేది వంటింట్లో. అందరి తిండీ అయి, గిన్నెలు తోమి, నేల ఆరితేగానీ నా చాప పరుచుకోవడానికి ఉండేది కాదు. అన్నావదినా నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే కాస్త ఊపిరాడేదేమో.

ఉద్యోగం కోసం వెళ్లిన ప్రతిచోటా ఒకటే జరిగేది. వాళ్లడిగింది అర్థమయ్యేది. జవాబు కూడా లోపల తయారుగానే ఉండేది. కానీ నోరు తెరిచేసరికి గొంతులో ఏదో తలుపు వేసుకుపోయినట్టయ్యేది. ఒకచోట ఇంటర్వ్యూ చేసినాయన జాలిపడి, "పోనీ తెలుగులోనే చెప్పమ్మా," అన్నాడు. తెలుగులో కూడా నోరు పెగల్లేదు. ఆ సంగతి విని మా నాన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"ఇంకొక్కసారి చూడు బిడ్డా. గది గూడ కాకపోతే ఇంటికొచ్చెయ్. పత్తి ఏరనీకి మనుషులు దొరుకుతలేరు. మన చేన్ల మనం చేసుకుంటే ఎవరికి భయం?"

ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకే నాకు భయమేసింది. వెళితే మళ్లీ రాలేనని తెలుసు.

వదిన ఎవరినో అడిగి నన్ను మేడం దగ్గరికి పంపింది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగిన ఒక సందులో, చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తులో ఒక్క గది. రోడ్డంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు, పోటీ పరీక్షల బోర్డులు, లేడీస్ హాస్టళ్ల బోర్డులు వేలాడుతుంటే, వాటి మధ్య మేడం బోర్డు ఎక్కడుందో వెతుక్కోవాలి. మేడంది తెనాలి వైపు. పెళ్లై వచ్చిన నాటి నుంచి సరూర్‌నగర్‌లోనే ఉన్నా మాట మాత్రం అక్కడిదే. గట్టి అంచు నేత చీర, మణికట్టు లోపలి వైపుకు తిప్పి పెట్టుకున్న చేతి గడియారం, వేళ్లు ఎండిపోకుండా కాగితం చుట్టి పట్టుకునే సుద్దముక్క. తప్పు మాట్లాడితే ఆవిడ దిద్దేవారు కాదు. అదే వాక్యాన్ని సరిగ్గా తనే ఇంకోసారి అనేవారు, మనం అన్నదాన్ని మెచ్చుకుంటున్నట్టుగా.

రోజుకొక ఫ్రేజల్ వెర్బ్ చెప్పడం ఆవిడ పద్ధతి. "వెర్బ్ పక్కన ఇంత చిన్న మాట వచ్చి చేరుతుంది చూడండీ, ఇన్ అనో, ఔట్ అనో. చేరగానే రెండూ కలిసి వేరు కాపురం పెట్టేస్తాయి. ఇక వాటి పుట్టింటి అర్థం పట్టుకుని వెళ్తే తలుపు తీయవు," అనేవారు.

క్లాసు మధ్యలో విరామం ఇచ్చినప్పుడు మాత్రం ఆవిడ మాతో ఉండేవారు కాదు. కిటికీ దగ్గరికి వెళ్లి ఇంటికి ఫోన్ చేసేవారు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా, చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని వినేవారు. కాసేపటికి "సరే" అని పెట్టేసేవారు. ఆ ఫోన్ సంగతి నాకు ఒక ఆదివారం తెలిసింది. మేడం రమ్మంటే ఇంటికి వెళ్లాను. ఆవిడ భర్తకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. మంచం పక్కనే స్టూల్ మీద లాండ్‌లైన్ ఫోన్ ఉంది. మేడం ఫోన్ చేస్తే ఆయన పనిచేసే చేత్తో రిసీవర్ ఎత్తి, దాని మీద వేలితో టకటకమని కొడతారు. బాగానే ఉన్నానని దానర్థం. ఆయన మంచంలో ఉండటంతో మేడం కూడా ఆ మంచం చుట్టూనే తిరిగేవారు. పెళ్లిళ్లకు వెళ్లరు, సినిమాకు వెళ్లరు, సొంత చెల్లెలింటికి విజయవాడ వెళ్లి ఎన్నేళ్లయిందో. ఆయాను పెట్టుకుని, క్లాసు చెప్పే వేళకు మాత్రం బయటపడేవారు.

ఇప్పుడు ఆ బంద్ రోజు గురించి చెప్పాలి.

మర్నాడు నాకు ఇంటర్వ్యూ ఉంది, మలక్‌పేటలో ఒక ఆస్పత్రిలో. మా నాన్న ఇంకొక్కసారి అన్నది దాని గురించే. బంద్ కాబట్టి క్లాసు లేదు. అయినా ముందురోజు మేడం నన్ను పక్కకు పిలిచి, "పొద్దున్నే ఒక్క గంట వచ్చేయ్. ఇంటర్వ్యూకి ఉత్త చేతుల్తో పంపలేను," అన్నారు. అది విని నర్సింహ కూడా వస్తానన్నాడు. అతను సూర్యాపేట వైపు కుర్రాడు. లా చదువుతూ ఉద్యమంలో తిరిగేవాడు. ఢిల్లీ నుంచి వచ్చే విలేకరులతో తనే ఇంగ్లీషులో మాట్లాడాలని అతని పట్టుదల. ఒక గంట క్లాసు వినేసి, కిందకు దిగి ఊరేగింపులో కలుద్దామనుకున్నాడు.

ఆ రోజు మేడం బోర్డు మీద రాసింది గెట్ త్రూ.

"గెట్ అంటే పొందుట, త్రూ అంటే గుండా. బళ్లో బట్టీ పట్టారు కదా? మరిప్పుడు చెప్పండి, పొందుట గుండా అంటే ఏవిటి?"

మేమిద్దరం నవ్వాం. పరీక్షలో గెట్ త్రూ అయితే గట్టెక్కినట్టు. పనిలో గెట్ త్రూ అయితే ముగించినట్టు. ఫోన్‌లో గెట్ త్రూ అయితే లైను కలిసినట్టు. ఇంకా రెండు అర్థాలున్నాయంటూ ఆవిడ మళ్లీ సుద్ద పట్టుకునేసరికి కింద పెద్ద చప్పుడైంది. మెయిన్ రోడ్డు మీద నినాదాలు ఒక్కసారిగా అరుపులయ్యాయి. రాళ్లు పడుతున్నాయి. ఆ వెంటనే టపటపమని ఏవో పేలాయి. నర్సింహ ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగాడు.

"టియర్ గ్యాస్ కొడుతున్నరు మేడం. కిటికీలు ముయ్యాలె."

మూశాం. అయినా సందుల్లోంచి వచ్చింది. కళ్లల్లో కారం పోసినట్టయింది. చున్నీలు, చీర చెంగులు నీళ్లతో తడిపి మొహాలకు కట్టుకున్నాం. ఇంతలో కిందనుంచి ఇనుప షట్టర్ దిగిన చప్పుడు, తాళం పడిన చప్పుడు. నర్సింహ మెట్లు దిగి పరిగెత్తాడు. బిల్డింగ్ ఓనర్ మెట్లదారి షట్టర్ దించి, బయట తాళం వేసి వెళ్లిపోయాడు. బంద్ రోజున పైన ఎవరుంటారని అనుకుని ఉంటాడు. లోపలి నుంచి ఎంత కొట్టినా ఆ గోలలో వినేదెవరు? ఆయన సెల్ స్విచ్ ఆఫ్.

నర్సింహ పైకొచ్చి గోడకు చేరబడ్డాడు. కింద అరుస్తున్న గొంతుల్లో అతని దోస్తులవీ ఉన్నాయి. ఎవరి గొంతు ఏదో అతను గుర్తుపడుతున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది.

"మావోళ్లు దెబ్బలు తింటున్నరు మేడం. నేను ఈడ కూసొని ఇంగ్లీష్ నేర్సుకుంటున్న," అన్నాడు.

"దిగడానికి దారుంటే నేనే పంపేదాన్ని నాయనా," అన్నారు మేడం.

 తర్వాత ఆవిడ లేచి, ఎర్రబడ్డ కళ్లతోనే మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లారు. "నాలుగో అర్థం రాసుకోండి. కష్టకాలంలో గెట్ త్రూ. రోజులు భారంగా ఉన్నప్పుడు వాటిలోంచి ఎలాగోలా బయటపడటం. తెలుగులో ఏమందాం? గట్టెక్కడం అందామా?" అంటూ ఆ మాట బోర్డు మీద రాశారు.

నర్సింహ తల అడ్డంగా ఊపాడు. "గట్టెక్కుడంటే ఒడ్డుకు ఒచ్చినట్టే గద మేడం. ఇంక ఏం బాధ? మేమింక నీళ్లల్లనే ఉన్నం. మా దిక్కు ఎల్లదీసుడు అంటం."

"అంటే?"

నన్ను చూశాడు అతను. ఆ మాట మా అమ్మ నోట రోజూ వినేదాన్ని. ఎట్లున్నవని ఎవరడిగినా, "ఏదో ఎల్లదీస్తున్న," అనేది. ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు తడుముకుని, "ఇంకా అయిపోలేదు మేడం. కానీ ఆగిపోలేదు. రోజుకు రోజు నెట్టుకుపోవడం," అన్నాను.

మేడం నన్ను తేరిపార చూశారు. తర్వాత గట్టెక్కడం అని రాసినదాన్ని తుడిచేసి, పెద్ద అక్షరాలతో ఎల్లదీసుడు అని రాశారు. ఆ రోజుల్లో మా మాటలకు వెక్కిరింతలు ఎక్కువ. సినిమాల్లో దొంగలు, తాగుబోతులు మా యాసలో మాట్లాడేవాళ్లు. ఒక ఇంగ్లీష్ మాటకు సాటిగా మా ఇంటి మాటను బోర్డు మీద చూడటం నాకదే మొదలు. నర్సింహ కూడా ఆ అక్షరాలనే చూస్తూ ఉండిపోయాడు.

మేడం విరామం వేళకు ఇంటికి ఫోన్ చేశారు. కలవలేదు. నెట్‌వర్క్ బిజీ. మళ్లీ చేశారు. నేను నా సెల్‌తో ప్రయత్నించాను. నర్సింహ అతని సెల్‌తో. అందరూ ఒకేసారి ఇంటికి చేస్తున్నట్టున్నారు, ఎవరికీ లైను దొరకడం లేదు. ఆయా రాలేదేమోనని మేడం అప్పుడు చెప్పారు. బస్సుల్లేవు కదా, నడుచుకుంటూ వస్తానని మాటిచ్చింది, ఆ ధైర్యంతోనే బయల్దేరాను అన్నారు. ఒక్క గంటే కదా అనుకున్నారు. మధ్యాహ్నం దాటిపోయింది.

చివరికి నా ఫోన్ కలిసింది. అవతల రింగవుతోంది. గబగబా మేడం చేతికిచ్చాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. రింగ్ ఆగేదాకా విన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశారు. అదే.

అప్పటిదాకా మాకు ధైర్యం చెప్పిన మనిషి నేల మీద కూలబడ్డారు. ఏడవలేదు. అరచేతులతో నేలను రాస్తూ, "ఆయన ఎత్తుతారు. ఎప్పుడూ ఎత్తుతారు," అంటూ ఉన్నారు. ఆవిడను అలా చూస్తుంటే ఆ గది ఇంకా చిన్నదైపోయినట్టనిపించింది. గాలి లేదు, వెలుతురు లేదు, కింద తాళం. మెల్లగా దగ్గుతూ ముగ్గురం ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తున్నాం.

నర్సింహ లేచి పైకి వెళ్లాడు. డాబా మీదికి ఒక రేకు తలుపుంది, దానికెప్పుడో వేసిన తుప్పు తాళం. ఒక ఇనుప కుర్చీని కాళ్లు పట్టుకుని ఎత్తి ఆ గొళ్లెం ఊడేదాకా బాదాడు. "రాండ్రి!" అని కేకేశాడు. మా డాబాకీ పక్క బిల్డింగ్ డాబాకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డు. మేడం చీర కుచ్చిళ్లు దోపుకుని, మా ఇద్దరి భుజాలు పట్టుకుని దాన్ని దాటారు. అవతల అన్నీ తీగల మీద ఆరేసిన ఆడపిల్లల బట్టలు. అది లేడీస్ హాస్టల్. మెట్లు దిగుతుంటే వార్డెన్ ఎదురొచ్చి నర్సింహను చూసి కెవ్వుమంది.

"మొగపిల్లగాడు ఎట్లొచ్చిండు లోపటికి? ఎవడ్రా నువ్వు?"

"అమ్మా, పైనుంచి ఒచ్చిన. కిందికి పోతున్న. మధ్యల ఏం చూడలే," అన్నాడు అతను చేతులు జోడించి. ఇంత ఆపదలోనూ మేడంకు నవ్వొచ్చింది. ఆవిడ సంగతంతా చెబితే వార్డెన్ మమ్మల్ని వెనక గేటు నుంచి పంపింది.

సరూర్‌నగర్ వైపు సందుల్లోంచి నడిచాం. మేడం నడవడం లేదు, పరిగెడుతున్నారు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. చెరువు వైపు తిరిగే మలుపులో టైర్లు తగలబడుతున్నాయి, అడ్డంగా కర్రలు కట్టి ఉన్నాయి. పదిమంది దాకా యువకులు, చేతుల్లో జెండాలు. కాసేపటి క్రితమే దెబ్బలు తిన్నవాళ్లు. ఒకతని నుదుటి మీద రక్తం ఇంకా ఆరలేదు.

"బంద్ అని తెల్వదా? ఎటు పోతున్నరు?"

మేడం చెప్పారు. "ఇల్లు ఇక్కడేనండీ బాబూ. మా ఆయన ఒక్కరే ఉన్నారు, మంచంలో ఉన్నారు..."

మాట వినగానే వాళ్ల మొహాలు మారాయి. నుదుటికి దెబ్బ తగిలినతను ముందుకొచ్చాడు. "ఏ ఊరు మీది? ఆంధ్రోళ్లా?"

"తెనాలి దగ్గర," అన్నారు మేడం. అబద్ధం చెప్పలేదు.

నర్సింహ ముందుకొచ్చి ఏదో అనబోతే ఇంకొకడు అతని భుజం పట్టి వెనక్కి నెట్టాడు. మేడం వాళ్ల మధ్యలో నిలబడిపోయారు. ముందుకు వెళ్లలేరు, వెనక్కి వెళితే ఎక్కడికి? పొగ మా మీదికే తిరిగింది. అప్పుడు నాకు తెలియకుండానే నా గొంతు బయటికొచ్చింది. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలియదు.

"అన్నా, ఆయనకు మాట రాదు! ఒక కాలు, ఒక చెయ్యి పడిపోయినయ్. ఫోన్ జేస్తే ఎత్తుతలేడు. ఉన్నడో లేడో తెల్వదు. మీ ఇంట్ల గిట్ల పండుకొని ఎవరు లేరా? మా మేడం నాకు మాట నేర్పుతుంది, నల్లగొండ పిల్లను. రేపు నాకు నౌకరి ఒస్తదని పొద్దుగాల ఇల్లు ఇడిసిపెట్టి ఒచ్చింది. జర పోనియ్యుండ్రి!"

చెబుతూ ఏడ్చేశాను. అతను కాసేపు నన్నే చూశాడు.  వెనక్కి తిరిగి ఒక కర్రను లాగి పక్కన పడేశాడు. మేము దాటుతుంటే, "అమ్మా, మీ ఇల్లెక్కడ?" అని మేడంను అడిగి, మాకంటే ముందు తనే నడిచాడు. అలా నలుగురం ఆ ఇంటికి చేరాం.

మేడం వేసి వెళ్లిన తాళం అలాగే ఉంది, రెండో తాళంచెవి ఉన్న ఆయా రానేలేదు. తాళం తీయగానే మేడం లోపలికి పరిగెత్తారు. మంచం ఖాళీగా ఉంది. ఆయన నేల మీద, మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని పడి ఉన్నారు. కాలుతున్న టైర్ల పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంటే, మూద్దామని లేవబోయి పడ్డట్టున్నారు. స్టూల్ మీద ఫోన్ మోగుతుంటే, అందుకోలేక, అది మోగినంతసేపూ వింటూ పడి ఉన్నారు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. మేడంను చూడగానే, మంచి చెయ్యి ఎత్తి, పక్కనున్న మంచం కోడు మీద వేలితో టకటకమని కొట్టారు.

మేడం అప్పుడు ఏడ్చారు. నుదుటికి దెబ్బ తగిలినతనూ నర్సింహా కలిసి ఆయన్ను ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. మేడం ఆయనకు నీళ్లు పట్టి, ఒళ్లంతా తడిమి చూసి, ఎముకలేవీ విరగలేదని నమ్మకం కుదిరాక, ఆ కుర్రాడిని కూర్చోబెట్టి దెబ్బ కడిగి, పసుపద్ది కట్టు కట్టారు. అతని పేరు మాకు ఇప్పటికీ తెలియదు. మంచినీళ్లు తాగి, "ఒస్తమ్మా," అని వెళ్లిపోయాడు.

వెళ్లేటప్పుడు మేడం నన్ను గుమ్మం దగ్గర ఆపారు. "ఐదో అర్థం చెప్పలేదు కదూ. గెట్ త్రూ టు సమ్‌బడీ. మనం చెప్పింది అవతలి మనిషి లోపలికి వెళ్లడం. ఇందాక నువ్వు చేసిందదే. అమ్మాయ్, నీకు భాష రాక కాదు మాట రానిది. నీకోసం నువ్వు అడగలేవు, అంతే. రేపు వాళ్ల ముందు కూర్చున్నప్పుడు, ఆస్పత్రికొచ్చిన ఎవరో ముసలాయన కోసం అడుగుతున్నాననుకో."

మర్నాడు అన్న తన స్నేహితుడి బండి మీద నన్ను మలక్‌పేట దించాడు. ఇంటర్వ్యూలో చాలా తప్పులు మాట్లాడాను. కానీ మాట్లాడాను. ఉద్యోగం వచ్చిందని చెబితే మా నాన్న ఫోన్‌లో, "పత్తికి కూలోళ్లు దొరికిండ్రు తియ్," అన్నాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ అంతా రంగులు చల్లుకున్న రోజున నర్సింహ స్వీట్ డబ్బా పట్టుకుని మేడం ఇంటికి వెళితే, ఆవిడ చుట్టాలెవరో అక్కడే ఉండి, ఇక మనవైపు వచ్చేయమంటున్నారట. "ఏ వైపు? నా స్టూడెంట్లంతా ఇక్కడుంటే," అని మేడం నర్సింహ నోట్లో లడ్డూ పెట్టారట. ఈ మాట అతను ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ లడ్డూ ఇంకాస్త పెద్దదయ్యేది.

మేడం భర్త ఇంకొన్నేళ్లు బతికారు. పోయినప్పుడు నేను పురిటికి ఊళ్లో ఉన్నాను, రాలేకపోయాను. ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియక, నేర్చుకున్న ఇంగ్లీష్ అంతా కూడగట్టుకుని, "యూ విల్ గెట్ ఓవర్ ఇట్, మేడం," అన్నాను.

 ఆవిడ ఎప్పటి క్లాసు గొంతుతోనే, "ఓవర్ కాదమ్మా, త్రూ," అన్నారు. "ఓవర్ అంటే పైనుంచి దూకి అవతల పడటం. ఇది దూకేది కాదు. లోపలినుంచే నడవాలి. మీ అమ్మగారి మాటే, ఎల్లదీసుడు."

అంతటి దుఃఖంలోనూ ఆవిడ నన్ను దిద్దారు. అలా నేరుగా దిద్దడం అదొక్కసారే.

మొన్న ఆవిడ చివరి ప్రయాణానికి ఆ సన్నటి సందు నిండిపోయింది. బ్యాంకులో పనిచేసేవాళ్లు, బస్ కండక్టర్లు, ఒక పోలీసు అధికారి, కాల్ సెంటర్ల నుంచి డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చినవాళ్లు. విజయవాడ నుంచి వచ్చిన చెల్లెలు మమ్మల్నందరినీ చూసి, "మా అక్కకు పిల్లల్లేరని ఏడ్చేదాన్నే," అంది. పాడె మోసినవాళ్లలో నర్సింహ ఉన్నాడు. ఏడవకూడదని చాలా ప్రయత్నించాడు.

ఇంటికొచ్చాక ఆవిడ మొహం తలుచుకుంటే నాకు క్లాసు గది గుర్తు రాలేదు. ఇంకేదో గుర్తొచ్చింది. ఆయన పోయిన తర్వాతి వేసవి అది. పండ్ల మార్కెట్ ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉంది. మామిడి లారీలతో రోడ్డంతా స్తంభించి, నేనెక్కిన బస్సు మార్కెట్ గేటు ముందు కదలకుండా నిలబడిపోయింది. లోపల ఉక్క, చెమట, తోపులాట. కిటికీలోంచి చూస్తే, గడ్డి పరిచిన మామిడి రాశుల మధ్య మేడం ఒంటరిగా నిలబడి ఉన్నారు. చేతిలో పెద్ద రసం పండు. దాన్ని రెండు అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచిక కొరికి ఊసేసి, రోడ్డు పక్కనే నిలబడి జుర్రుకుంటున్నారు. రసం మోచేతి దాకా కారుతోంది. అమ్మే ఆమె ఏదో అంటే మూతి తుడుచుకోకుండానే నవ్వారు. నేను పిలుద్దామని నోరు తెరిచి, మానేశాను. బస్సు కదిలింది. ఆవిడ ఇంకో పండు ఏరుకుని, ముక్కుకు ఆనించుకుని, ఏ తొందరా లేకుండా వాసన చూస్తున్నారు.